సున్నం గీతలు

రేపు బెంగళూరు క్లబ్బోళ్లు వస్తారంట.
ముగ్గురంట. కాదు నలుగురంటాడు సైకిల్ షాపు మస్తాన్‌వలి.
వాని లెక్కలో కారు డ్రైవరు కూడా సెలెక్టరే.

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు బయట
ఉగ్గాని బండి చుట్టూ ఈ రాత్రి అందరూ జోస్యులే.
శెనక్కాయల మండీ రసీదు వెనకాల
పేర్లు రాస్తాండారు, కొట్టేస్తాండారు, మళ్లా రాస్తాండారు.
పందెం: ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు.

మాకిది కొత్త కాదు.
మబ్బు మొగం చూసి విత్తనం వేసేవాళ్లం,
చెవి కాడ కాయ ఊపి
లోపల పప్పెంతో చెప్పేవాళ్లం.
తప్పితే తప్పింది,
మరుసటేడు మళ్లా ఆ మబ్బు మొగమే.

నన్నెవరూ అడగలేదు.
పద్దెనిమిదేండ్లుగా ఈ గ్రౌండుకు సున్నం గీతలు వేసేవాణ్ని.
ఆట పెద్దగా చూడను. గీతలు వేసి ఇంటికి పోతా.
తెల్లారి వచ్చి మట్టిని చూస్తా.
మట్టి అబద్ధమాడదని అనను,
వాన పడితే ఆడుతుంది.
మా ఊళ్లో దానికా అవకాశం తక్కువ.

కుళ్ళాయప్పది ఎడంకాలి వాటం.
కార్నరు జెండా కాడ వాడు కుడికాలు ఆనించిన గుంట
నా బొటనవేలంత లోతుంటుంది.
అంతసేపు నిలబడతాడు తన్నే ముందు.
అంటే ఇంకా భయముంది.

గోలు ముందర దాదాఖలందర్ నిలబడే చోటు
కడప బండ మాదిరి నున్నగా అరిగింది.
వాడు అటూ ఇటూ ఉరికేవాడు కాదు,
బంతినే తన కాడికి రప్పించుకునేవాడు.

పెన్నోబులేసు నా గీతను ఒక్కనాడూ తొక్కలేదు.
గీత మీదికి బంతిని తెచ్చి, ఆపి, తిరుగుతాడు.
వాని ఎనకాల పడినోని బూట్లకే సున్నమంతా.

ఇంగ చందూనాయక్.
సగం గ్రౌండు దాకా వాని గుర్తులు బూట్లవి.
సగం నుంచి ఉత్తకాళ్లవి.
ఆ బూట్లు యెవరివో. వానికి ఒక సైజు తక్కువ.
ఉత్తకాళ్ల గుర్తుల మధ్య ఎడం చూస్తే
నా రెండు అడుగులు పట్టవు దాంట్లో, మూడు కావల్ల.
ఆ పేరు మనసులో కూడా గట్టిగా అనుకోలేదు నేను,
దిష్టి తగుల్తాదని.

వచ్చింది ఇద్దరే.
ఆట చూసే ముందు గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచిరి.
ఫోను నొక్కి పరుగు కొలిచిరి. మోకాళ్లు ఒత్తి చూసిరి.
ఎండ నెత్తి మీదికొచ్చినాక
వాళ్లలో చిన్నాయన నీళ్ల కోసం నా కుండ కాడికొచ్చి,
రెండో గ్లాసు తాగతా తాగతా అడిగె:
“రోజూ చూస్తుంటావు గదా, వీళ్లలో బాగా ఆడేదెవరు పెద్దాయనా?”

నాలుగు పేర్లూ నాలుక మీద ఉండె.
“నాకేం తెలుసు సార్,
గీతలేసేవాణ్ని,” అంటి.

సాయంత్రం రెండు పేర్లు చదివిరి.
దాదాఖలందర్.
రెండోవాడు హిందూపురం నుంచి మ్యాచికొచ్చిన పొడుగు పిల్లోడు,
ఏ రసీదు మీదా లేని పేరు.
సగం పందెం గెలిచినానని మస్తాన్‌వలి
ఒకే ప్లేటు ఉగ్గాని తెప్పించి నాకూ పెట్టె.
మిరపకాయ గొంతులో చిక్కుకుంటే
అందరూ నవ్విరి, నేనూ నవ్వితి.

మరుసటి పొద్దున సున్నం డబ్బాతో పోతే
అప్పటికే ఎవరో వచ్చి పోయినారు.
పడమటి అంచు పొడుగునా గుర్తులు,
ఈసారి మొదట్నుంచీ ఉత్తకాళ్లవే.
కొలవబుద్ధి కాలేదు. కొలిస్తి.
మూడున్నర.

ఆ పక్క గీత ఆ రోజు వేయలేదు.
కోచ్ సారు అడిగితే
సున్నం అయిపోయిందని చెప్తి.